సాంబారు ఒలకని బ్రేకు

కారు వెనకనుంచి ఏ చప్పుడు వచ్చినా నా అనుమానం ముందు సాంబారు గిన్నె మీదికే పోతుంది. పోయిన చలికాలం చివర్లో గరగరమని ఒక చప్పుడు మొదలైనప్పుడు కూడా అంతే. మూత సరిగ్గా పెట్టలేదని మా ఆవిడను సాధించాను. ఆవిడ మూతకూ గిన్నెకూ మధ్య తువ్వాలు కుక్కింది. గరగర ఆగలేదు. అయితే గరిటె కదులుతోందన్నాను. డిక్కీలోంచి గరిటె తీసి, హారతి పళ్ళెం పట్టుకున్నంత భక్తిగా ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. గరగర ఆగలేదు సరికదా, ఆ రోజు సరుకు దించే హడావిడిలో ఆ గరిటె కాస్తా ఎక్కడో పోయింది. చివరికి ఒక సోమవారం, గిన్నె లేదు, గరిటె లేదు, ఖాళీ కారులో పాలు కొనుక్కురావడానికి వెళ్తుంటే అదే చప్పుడు.

“ఇక కారులో మిగిలింది నేనొక్కదాన్నే. నాకూ మూత పెడతారా?” అంది మా ఆవిడ.

“పెళ్ళయిన కొత్తలో ప్రయత్నించాను. నిలవలేదు,” అన్నాను.

మేముండేది కెనడాలో, టొరంటోకు గంట ప్రయాణంలో ఉన్న కిచెనర్‌లో. నాది వంట పని. ఏడో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయాం. ఆయన బళ్ళో ఉండిపోయారు, నేను తెనాలి బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో చేరాను. పిండి రుబ్బే దగ్గర మొదలుపెట్టి పెనం దాకా ఎదిగాను. ఆ పెనమే నన్ను ఈ దేశానికి తీసుకొచ్చింది. మా ఊరి కుర్రాళ్ళు కంప్యూటర్లు నేర్చుకుని ఎన్ని పరీక్షలు రాసి ఇక్కడికొచ్చారో, నేను అన్ని అట్లు వేసి వచ్చాను. ఇప్పుడు వారం మధ్యలో ఒక రెస్టారెంటులో పని, శని ఆదివారాలు మా సొంత వ్యాపారం. అద్దె వంటగదిలో ఇడ్లీ, వడ, సాంబారు వండి తెలుగువాళ్ళ ఇళ్ళకు చేరవేస్తాం. వండేది ఇద్దరం, చేరవేసేది కారు.

ఆ కారు మా చేతికొచ్చేసరికే ఇద్దరు యజమానుల్ని చూసింది. ఒకప్పుడు వెండి రంగు. ఇప్పుడు చలికాలం అంతా ఉప్పు రంగు, మిగతా కాలం ఏ రంగో చెప్పడానికి ధైర్యం చాలదు. ఇక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. నేను ఇన్నేళ్ళలో వాడిన ఉప్పంతా కలిపినా ఈ ఊరివాళ్ళు ఒక్క పూట రోడ్డుకు పెట్టే ఉప్పుకు చాలదు. రోడ్డుకు ఎక్కువైన ఉప్పు మా కారు తింటుంది.

నా డ్రైవింగు గురించి ఒక మాట చెప్పాలి. అర కిలోమీటరు దూరంలో సిగ్నల్ కనిపిస్తే చాలు, అది పచ్చగా ఉన్నా సరే, కాలు తీసేసేవాణ్ణి. కారు దానంతటది నీరసపడి, నీరసపడి, గీత దగ్గరికి వచ్చి పడుకునేది. బ్రేకు మీద కాలు పెట్టేవాణ్ణేగానీ తొక్కేవాణ్ణి కాదు. వెనకవాళ్ళు హారన్ కొడితే పెద్దవాణ్ణని దీవెనలు అడుగుతున్నారనుకునేవాణ్ణి. నేను చేరవేసిన సాంబారులో ఒక్క చుక్క ఏనాడూ డిక్కీలో ఒలకలేదు. అది నా బిరుదు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాణ్ణి.

మా ఆవిడకు డ్రైవింగు నేర్పింది నేనే. “వెనక సాంబారు ఉందనుకో. అంతే. అదొక్కటి గుర్తుపెట్టుకుంటే నిన్నెవరూ వేలెత్తి చూపలేరు,” అని చెప్పాను.

వేలెత్తి చూపారు. టెస్టుకు రెండుసార్లు వెళ్ళింది, రెండుసార్లూ తప్పింది. మొదటిసారి పక్కన కూర్చుని పరీక్ష చేసిన తెల్లావిడ చాలా మర్యాదస్తురాలు. మీరు చాలా దయగల డ్రైవరు, కానీ మీ వెనకున్నవాళ్ళు ఇంటికి వెళ్ళాలి కదా అందట. రెండోసారి కూడా అదే ఆవిడ, అదే మాట, కొంచెం తక్కువ మర్యాదతో. సిగ్నల్ పచ్చగా ఉండగానే నెమ్మదిస్తున్నారు, ఆపాల్సిన చోట ఆపేస్తారన్న నమ్మకం నాకు కలగడం లేదు అందట.

“ఆవిడకి సాంబారంటే ఏంటో తెలియదు కదా,” అని ఓదార్చాను.

ఈసారి మాత్రం ఓదార్పుతో సరిపోయే వ్యవహారం కాదు. ఊరి చివర, పొలాలు మొదలయ్యే చోట ఒక వృద్ధుల కేర్ హోమ్ ఉంది. వాళ్ళ వంటగదిలో మా ఆవిడకు ఉద్యోగం ఇస్తామన్నారు. షిఫ్టు తెల్లారకముందే మొదలవుతుంది, బస్సులు ఆ తర్వాతెప్పుడో నిద్రలేస్తాయి. నా రెస్టారెంటు ఊరికి అటు చివర, రాత్రి పొద్దుపోయి ఇంటికి చేరే నేను రోజూ దింపి రావడం కుదరదు. ఏప్రిల్ దాకా చూస్తాం, ఈలోగా మీ అంతట మీరు రాగలిగితే పని మీదే, లేదంటే ఇంకొకరిని పెట్టుకుంటాం అన్నారు. టెస్టు వచ్చే గురువారం. ఇన్నేళ్ళుగా నా వెనక నిలబడి పప్పు రుబ్బింది, కూరలు తరిగింది, గిన్నెలు తోమింది. ఆ వంటల పేరంతా నాకొచ్చింది. మొదటిసారి ఒకళ్ళు ఆవిడ చేతి పోపును ఆవిడ పేరుతో అడిగారు. ఆ ఉద్యోగం మాట వచ్చినప్పుడల్లా ఆవిడ గొంతు కొంచెం తగ్గించి మాట్లాడేది, గట్టిగా అంటే ఎగిరిపోతుందేమో అన్నట్టు.

“ఈ గరగరతో టెస్టుకి వెళ్తే ఆ తెల్లావిడ అసలు కారెక్కుతుందా?” అని అడిగింది.

“డ్రైవింగు స్కూలు కారు తీసుకుందాంలే.”

“ఆ కొత్త కారు ముట్టుకుంటే ఉరుకుతుంది, ముట్టుకుంటే ఆగుతుంది. నాకు దీనితోనే అలవాటు. నడిపితే దీన్నే నడుపుతా.”

శనివారం సరుకంతా పంచి వచ్చాక, ఇంటి ముందు కారు పక్కన గొంతుక్కూర్చుని చక్రాల్లోకి చూశాను. చక్రం లోపల పళ్ళెంలాంటిది ఒకటి ఉంటుంది, బ్రేకు తొక్కినప్పుడు రెండు వైపులనుంచీ బిళ్ళలు దాన్ని పట్టి ఆపుతాయి. ముందు చక్రాల పళ్ళేలు తళతళలాడుతున్నాయి. వెనకవి చూస్తే గోదావరి వరద నీళ్ళ రంగు. అంచులైతే పెచ్చులు పెచ్చులుగా లేచాయి. చూడగానే నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. కార్ల సంగతి నాకు తెలియకపోవచ్చు గానీ తుప్పు పట్టిన ఇనప పెనం సంగతి నాకు తెలిసినంతగా ఈ దేశంలో ఎవరికి తెలుసు? ఇది పెనమే. కాకపోతే నిలబెట్టారు.

లోపలికి వెళ్ళి చింతపండు నానబెట్టాను. రాతి ఉప్పు తెచ్చాను, పీచు తెచ్చాను. చక్రం ఆకుల మధ్యనుంచి చెయ్యి దూర్చి, మోచెయ్యి గీరుకుపోతున్నా లెక్కచెయ్యకుండా రుద్దాను. ఎర్రటి నీళ్ళు కారుతుంటే పాపాలు కారిపోతున్నట్టే ఉంది. తర్వాత సంగతి మీకు తెలిసిందే. తుప్పు వదిలిన పెనాన్ని వట్టిగా వదిలేస్తే మర్నాటికి మళ్ళీ పడుతుంది. ఉల్లిపాయను సగానికి కోసి, నూనెలో ముంచి, ఒక చుట్టు రాయాలి. ఉల్లిపాయ కోశాను. గిన్నెలో నూనె పోసుకొచ్చాను. ముంచాను.

“అన్నా! ఏం జేస్తున్నవ్?”

ఎదురు వరసలో ఉండే తమ్ముడు. కరీంనగర్ అబ్బాయి, సాఫ్ట్‌వేర్. శనివారం తన ఇడ్లీలు తనే వచ్చి పట్టుకెళ్తాడు. ఇడ్లీల కోసం కాదు, అటూ ఇటూ పది మాటలు మాట్లాడుకోవడానికి. వాళ్ళావిడ చీరలు కొన్నట్టు ఇతను పనిముట్లు కొంటాడు. గ్యారేజీ గోడ నిండా తగిలించి, వచ్చినవాళ్ళకు ఒక్కొక్కటీ చూపిస్తాడు. తన కారు బ్రేకులు తనే మార్చుకుంటాడని తెలుసు గానీ, ఆ క్షణంలో అది నాకు గుర్తు రాలేదు.

“తుప్పు వదిలించాను తమ్ముడూ. చింతపండు పని అయిపోయింది. ఇప్పుడు నూనె.”

అతను నా మణికట్టు పట్టుకున్నాడు. సరదాగా కాదు, రోడ్డు దాటే పిల్లాడి చెయ్యి పట్టుకున్నట్టు.

“రాసినవా?”

“ఇంకా లేదు.”

“దేవుడున్నడు.” గట్టిగా ఊపిరి వదిలాడు. “అన్నా, బ్రేక్ అంటేనే రాపిడి. రాపిడి ఉంటెనే బండి ఆగుతది. నువ్వు నూనె రాస్తె, వదిన గురువారం సిగ్నల్ కాడ ఆపాలనుకుంటది. కారు మాత్రం టొరంటో పోతది.”

నా చేతిలోని ఉల్లిపాయ నేల మీద పడి, రెండు దొర్లులు దొర్లి, మా ఆవిడ కాళ్ళ దగ్గర ఆగింది. ఆవిడ ఎప్పుడు బయటికొచ్చిందో తెలియదు. ఉల్లిపాయను చూసింది, నూనె గిన్నెను చూసింది, నన్ను చూసింది.

“ఆవాలు కూడా తేవాల్సింది,” అంది.

నవ్వేశాం. నూనె కారుతున్న చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాను, ఇంకోసారి తుడుచుకున్నాను. అతను ఇడ్లీల కోసం ఇంకొక్క నిమిషం ఆలస్యంగా వచ్చి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు. కొందరు మనకు చేసిన మేలు మనం జీవితాంతం లెక్కపెట్టుకోవచ్చు. అతను చేసింది ఒక్క మణికట్టు పట్టుకోవడం.

ఫోను లైటు వేసి లోపలికి చూశాడు. తుప్పు పైపైది కాదన్నాడు. పళ్ళేన్ని తినేసింది, మధ్యలో వేలెడు వెడల్పు మాత్రమే పట్టు ఉంది, మిగతాది గుంటలు గుంటలు. రుద్దితే పోయేది కాదు, రెండు వైపులా మార్చాల్సిందే.

“అన్నా, ఒకటడుగుత. బ్రేక్ ఎట్ల తొక్కుతవ్ నువ్వు?”

“తొక్కను.”

“తొక్కవా?”

“తొక్కే అవసరం రానివ్వను,” అన్నాను, నా బిరుదు చెప్పుకునే అవకాశం వచ్చిందని కొంచెం ఛాతీ విరిచి. సాంబారు సంగతి మొత్తం చెప్పాను. ఒక్క చుక్క ఒలకని చరిత్ర వివరించాను.

అతను నవ్వు ఆపుకోలేక కారు మీద చెయ్యి వేసి వంగిపోయాడు. “గదే అన్నా! వెనక బ్రేక్‌లకు పని ఉండేదే తక్కువ. నువ్వంత మెత్తగ తొక్కితే ముందువే అంతా జూస్కుంటయ్. వెనకవి ఉప్పు తినుకుంట, నీళ్ళు తాగుకుంట ఊకె కూసున్నయ్. అప్పుడప్పుడు గట్టిగ తొక్కితే ఆ తుప్పు రాలిపోతుండె. నువ్వు వాటిని గారాబం జేసి పాడుజేసినవ్.”

మా ఆవిడ ఉల్లిపాయ ముక్క తీసి చెత్తడబ్బాలో వేసింది. ఏదో లెక్క వేస్తున్న ముఖం పెట్టింది. లెక్కల మాస్టారు ముఖం తర్వాత నన్ను అంత భయపెట్టిన ముఖం అదే.

మర్నాడు ఇడ్లీల పని ముగిశాక కారును అతని గ్యారేజీలో పెట్టాం. కొత్త పళ్ళేలు, వాటిని పట్టే బిళ్ళలు పొద్దున్నే అతనే వెళ్ళి తెచ్చాడు. అతను పని చేశాడు, మా ఆవిడ లైటు పట్టుకుంది, నేను మాటలు అందించాను. చక్రం ఊడింది, బిళ్ళలు ఊడాయి. పళ్ళెం మాత్రం ఊడనంది. తుప్పుతో వెనకున్న ఇనుముకు అతుక్కుపోయింది. తుప్పు వదిలే మందు కొట్టి కాసేపు ఆగి, సుత్తి నా చేతికిచ్చాడు.

“కొట్టు అన్నా.”

“ఇన్నాళ్ళకి నా చదువుకు తగిన పని దొరికింది,” అని కొట్టాను. ఒకే చోట, పళ్ళు బిగించి, చెయ్యి తిమ్మిరెక్కేదాకా కొట్టాను. పళ్ళెం నన్ను పట్టించుకోలేదు.

“ఇటివ్వండి,” అంది మా ఆవిడ. లైటు నాకిచ్చి సుత్తి తీసుకుంది. రోట్లో పచ్చడి దంచే చెయ్యి అది. ఒక దెబ్బ, పళ్ళెం కొంచెం తిప్పడం, ఇంకో దెబ్బ, ఇంకొంచెం తిప్పడం. కోపం లేదు, హడావిడి లేదు. గోంగూర దంచుతున్నట్టే. రెండు చుట్లు తిరిగేసరికి టప్పున ఒక మోత, పళ్ళెం ఊడి చేతుల్లోకి వచ్చింది. పెద్ద తుప్పు పెచ్చు ఒకటి నా బూటు మీద పడింది.

“వదినా, నాకు ఏటా రావాలె నువ్వు,” అన్నాడతను.

“ముందు లైసెన్సు రానియ్యి,” అంది ఆవిడ.

కొత్త పళ్ళేన్ని కాగితం విప్పి చేతికి తీసుకున్నాను. వేళ్ళకు జిడ్డు తగిలింది. వాసన చూశాను. ఇలాంటి సందర్భం జీవితంలో ఒక్కసారే వస్తుంది.

“తమ్ముడూ! ఇదేంటి? వీళ్ళూ నూనె రాశారు!”

“అది దార్ల తుప్పు పట్టకుండ రాస్తరన్నా. బిగించే ముందు మంచిగ కడగాలె.”

“అంటే రాయడం తప్పు కాదు. కడక్కపోవడం తప్పు. నేను సగం కరెక్టు.”

“ఆ సగంతోటే టొరంటో పోతుండె,” అన్నాడతను, జిడ్డు వదిలే మందు కొట్టి పళ్ళేన్ని శుభ్రంగా తుడుస్తూ.

రెండు వైపులా బిగించేసరికి సాయంత్రమైంది. చేతులు తుడుచుకుంటూ అతను చెప్పిన చివరి మాట దగ్గరే అసలు కథ ఉంది. కొత్త బ్రేకులు అలా తీసుకెళ్ళి వాడుకోవడానికి లేదట. ఖాళీ రోడ్డు చూసుకుని, యాభై అరవై వేగంలో వెళ్తూ గట్టిగా తొక్కాలి. పూర్తిగా ఆగకుండా బాగా తగ్గించి, మళ్ళీ వేగం అందుకుని, మళ్ళీ తొక్కాలి. మధ్యలో చల్లారనివ్వాలి. అలా చేస్తేనే బిళ్ళలకూ పళ్ళేలకూ పొత్తు కుదురుతుందట.

“మెత్తగ తొక్కితే మళ్ళా మొదటికే వస్తది,” అన్నాడు, నా వంకే చూస్తూ.

తాళం కోసం చెయ్యి చాపాను. అంతకన్నా ముందే ఇంకో చెయ్యి అందుకుంది.

“టెస్టు నాది,” అంది మా ఆవిడ.

ఆదివారం సాయంత్రం ఫ్యాక్టరీల వైపు రోడ్లు పిల్లలు లేని బడిలా ఉంటాయి. గోదాముల పక్కన నల్లబడ్డ మంచు గుట్టలు కరుగుతున్నాయి. రోడ్డు పొడిగా, తిన్నగా ఉంది. వెనక ఎవరూ లేరు. పక్క సీట్లో నేను. యాభై దాటింది.

“ఇప్పుడు తొక్కు.”

కారు నెమ్మదిగా, ఎంతో గౌరవంగా తగ్గింది.

“గట్టిగా.”

“తొక్కాను కదండీ.”

“అది తొక్కడం కాదు. బ్రేకుకి నమస్కారం పెట్టడం.”

“నేర్పింది నమస్కారమేగా?”

మళ్ళీ వేగం అందుకుంది. మళ్ళీ అదే మర్యాద. మూడోసారీ అంతే. కారు పక్కకు తీసి ఆపింది. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది.

“వెనక సాంబారు ఉంది,” అంది.

“లేదే. గిన్నెలన్నీ ఇంట్లో ఉన్నాయి. నువ్వే తోమావు.”

“నాకు తెలుసు. నా కాలికి తెలియదు. ఖాళీ కారు నడిపినా నా కాలికి వెనక సాంబారు ఉంటుంది. టెస్టులో కూడా ఉంది. రెండుసార్లూ ఉంది.” వెనక్కి ఒకసారి తిరిగి చూసింది. “నిన్న తమ్ముడు తుప్పు గురించి చెప్తుంటే అనుకున్నా. ఆ వెనక చక్రాలకీ నాకూ ఒకరే మాస్టారు.”

ఎదురుగా గోదాము గోడ మీద ఎవరో రంగులతో ఏదో గీశారు. దాన్నే చూస్తూ కూర్చున్నాను.

“అంత ప్రేమా ఆ సాంబారంటే?” అంది. కోపంగా కాదు. నిజంగా అడిగింది. “ఎప్పట్నుంచి ఇలా అయ్యారో కూడా నాకు గుర్తే. మొదటి చలికాలం ఒలికింది చూడండి, అప్పట్నుంచి. అంతకుముందు మామూలుగానే నడిపేవారు.”

అవును, మొదటి చలికాలమే. అప్పుడు సాంబారు గిన్నెను ముందు సీటు దగ్గర కింద, ఆవిడ పాదాల మధ్య పెట్టుకుని వెళ్ళేవాళ్ళం. ముందున్న కారు మంచులో జారి అడ్డం తిరిగింది. బ్రేకు తొక్కాను. కారు ఆగింది. సాంబారు ఆగలేదు. పొయ్యి మీదనుంచి దించిన సాంబారు ఆవిడ ఎడమ బూటులోకి దిగింది. బూటు ఊడదీసేసరికి ఆలస్యమైపోయింది. “ఏం కాలేదు, ముందు ఇడ్లీలు చల్లారిపోతాయి పదండి,” అంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ మర్నాటినుంచి గిన్నె డిక్కీలోకి మారింది, నా కాలు మారిపోయింది. నేను సాంబారు గురించి గొప్పలు చెప్పడం మొదలుపెట్టింది కూడా అప్పుడే. అసలు మాట చెప్పడంకన్నా అది తేలిక.

“సాంబారు పోయిందని ఇలా అయ్యాననుకుంటున్నావా?” అన్నాను.

“మరి?”

“నీ కాలు కాలింది కదే.”

అంతే అన్నాను. ఆవిడ తల తిప్పి నా వైపు చూసింది. చూసి, ఎడమ కాలి మడమను కుడి కాలి వేళ్ళతో ఒకసారి రాసుకుంది. ఇన్నేళ్ళూ మా ఇద్దరి మధ్యా ఆ గిన్నె ఉంది, దాని మూత ఎవరమూ తీయలేదు.

“ఈ మాట టెస్టుకి ముందు చెప్పి ఉంటే, రెండుసార్లు తప్పేదాన్ని కాదుగా!” అంది. అని, ముక్కు తుడుచుకుని, కారును రోడ్డు మీదికి తిప్పింది.

నలభై. యాభై. యాభై దాటింది.

తొక్కింది. అలా ఇలా కాదు. బెల్టు నా ఛాతీని పట్టి సీటుకు అదిమింది. ముక్కు మీద జారిన కళ్ళజోడు ఒళ్ళో పడింది. నా సీటు కిందనుంచి ఏదో జర్రున దూసుకొచ్చి నా మడమకు ఠంగున తగిలింది. వంగి చూస్తే, పోయిందనుకున్న గరిటె.

మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే వేగం అందుకుంది, నవ్వుతూనే మళ్ళీ తొక్కింది. కారు తిన్నగా, ఏ పక్కకూ లాగకుండా, చెప్పిన మాట విన్నది. గరగర లేదు. చల్లార్చుకుంటూ, తొక్కుకుంటూ ఆ రోడ్డు ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాం. నేను గరిటె పట్టుకుని కూర్చున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ అంత గట్టిగా ఒక వస్తువును తొక్కడం, తొక్కి అంత సంతోషపడడం నేను చూడలేదు.

గురువారం టెస్టు సెంటర్లో కుర్చీలో కూర్చుని ఎదురుచూశాను. ఆ కుర్చీలు మనిషిని ఊరికే కూర్చోనివ్వవు. లేచి అద్దాలలోంచి చూస్తే కారు వెనక్కి వస్తోంది. పక్కన అదే తెల్లావిడ. కారు గీతల మధ్య ఆగింది. ఇద్దరూ లోపలే ఏదో మాట్లాడుకుంటున్నారు. తెల్లావిడ దిగి, నా ముందునుంచే వెళ్తూ చిన్నగా నవ్వింది. ఆ నవ్వు ఇంతకుముందు రెండుసార్లు కూడా నవ్వింది కాబట్టి నాకేమీ అర్థం కాలేదు.

పరుగెత్తుకు వెళ్ళాను. మా ఆవిడ ఇంకా స్టీరింగు ముందే ఉంది.

“ఏమైంది?”

“బాతులు,” అంది.

“బాతులేంటే?”

“పెద్ద బాతులండీ, ఈ దేశపువి. చలికాలం పోయిందని తిరిగొచ్చాయిగా. ఒకటి ఫుట్‌పాత్ మీదనుంచి టక్కున రోడ్డు మీదికి దిగింది. దాని వెనక ఇంకోటి.”

“అయ్యో! మరి?”

“తొక్కాను.” చాలా మామూలుగా చెప్పింది. “అద్దంలో వెనక చూసుకున్నా, తొక్కా. ఆగింది. బాతు నా వంక చూసి, తీరిగ్గా నడుచుకుంటూ పోయింది. ఆవిడ, గుడ్ స్టాప్ అంది.”

“అంటే?”

“అంటే మీరు ఇటు కాదు, అటు వెళ్ళి కూర్చోండి. తాళం ఇవ్వను. ఇంటికి నేనే నడుపుతా.”

పార్కింగులో నిలబడే కళ్ళు తుడుచుకున్నాను. చల్లగాలి అని చెప్పాను. ఆవిడ నమ్మినట్టే ఊరుకుంది. ఆ మర్యాద ఆవిడకు నేను నేర్పింది కాదు.

మా ఇళ్ళల్లో కృతజ్ఞత మాటల్లో చెప్పే అలవాటు లేదు. ఇంకో రెండు ఇడ్లీలు వేస్తాం. శనివారం తమ్ముడికి అలాగే వేశాను. వేస్తూ వేస్తూ, ఇతనికి ఇడ్లీతో సరిపెట్టడం ఏంటని నాకే సిగ్గేసి, “నీకేమైనా కావాలంటే చెప్పు తమ్ముడూ,” అన్నాను.

ఇడ్లీ పొట్లాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “నవ్వొద్దు మల్ల. ఇండియానుంచి మా అమ్మ ఇనప పెనం పంపింది. తెలివక డిష్‌వాషర్ల ఏసిన. మొత్తం తుప్పు.”

ఆహా! ఆ మధ్యాహ్నం అతని గ్యారేజీలో, ఆ పనిముట్ల గోడ కిందే, నేను రాజులా కూర్చున్నాను. చింతపండు, రాతి ఉప్పు, పీచు. రుద్ది, కడిగి, పొయ్యి మీద కాల్చి, ఉల్లిపాయను సగానికి కోశాను. నూనెలో ముంచే ముందు ఆగి, అతని వంక చూశాను.

“రాయనా?”

“రాయన్నా,” అన్నాడు, రెండు చేతులూ జోడించి.

ఇప్పుడు మా ఆవిడ తెల్లారకముందే లేచి, నేనింకా దుప్పట్లో ఉండగానే కారు తీసుకుని పనికి వెళ్తుంది, నేను తర్వాత బస్సులో పోతాను. కిటికీలోంచి వెనక లైట్లు మలుపు దగ్గర ఎర్రగా వెలగడం చూస్తాను. నేను నడిపిన రోజుల్లో ఆ మలుపుకు ఎంతో ముందునుంచే వెలిగి ఉంటాయి. ఇప్పుడు సరిగ్గా మలుపు దగ్గర వెలుగుతాయి. ఆ కేర్ హోమ్‌లో ఉప్పుకారం తెలియని ముసలాళ్ళు ఈవిడ వేసే జీలకర్ర పోపు సూపు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారట. మొదటి జీతంతో నాకు చొక్కా కొంది. సాంబారు రంగుది. మరక పడ్డా కనపడదని.

శని ఆదివారాలు మాత్రం కారు మళ్ళీ సాంబారుదే. డిక్కీలో గిన్నెకు పట్టీలు బిగించాను, ఎంత తొక్కినా కదలదు. నడిపేది ఆవిడ, పక్కన కూర్చుని గరిటె పట్టుకునేది నేను. ఇంటికొచ్చాక అలవాటు కొద్దీ వెనక చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని లోపలికి తొంగి చూస్తాను. పళ్ళేలు తోమిన కంచాల్లా, ముఖం చూసుకునేట్టు మెరుస్తుంటాయి. మళ్ళీ ఉప్పు చల్లే కాలం వచ్చింది, అయినా మెరుస్తూనే ఉన్నాయి.

“కొంచెం మెల్లగా తొక్కవే,” అంటాను, ఊరికే.

“తుప్పు పడుతుందండీ,” అంటుంది.